బిళ్ళగన్నేరూ నాలుగు వేళ్ళూ

జులై 4, గురువారం

రోజూ ఒక పుస్తకంలో రాయమన్నారు డాక్టరు విశాలి గారు. జ్వరం ఎంత, ఎన్ని ముద్దలు తిన్నాను, నిద్ర పట్టిందా, కడుపు ఎలా ఉంది. అది నీలం అట్ట పుస్తకం, టీవీ పక్కన ఉంటుంది. నా భార్య త్రిపురసుందరి కూడా చదువుతుంది. ఇది వేరు. పాత స్వరాల పుస్తకం వెనక మిగిలిపోయిన కాగితాలివి. వీటిని డాక్టరుకు చూపించను, పెళ్ళానికి అసలే చూపించను.

నిన్న విశాఖలో మూడో ఇంజెక్షను అయింది. మొత్తం ఆరు, మూడు వారాలకొకటి. మెడ పక్కన నిమ్మకాయంత ఉన్న గడ్డ ఇప్పుడు తడిమి వెతికినా దొరకడం లేదు. లింఫోమా అట. పేరు వినసొంపుగానే ఉంది, బుద్ధే మంచిది కాదు.

సెలైనుతో పాటు నాలుగు మందులు ఎక్కిస్తారు. అందులో ఎర్రది ఒకటుంది, చూస్తేనే భయం వేస్తుంది. ఇంకొకటి నీళ్ళలా తేటగా ఉంటుంది, చిన్న సంచీ, పది నిమిషాల్లో అయిపోతుంది. దాని పేరు వింక్రిస్టిన్. "ఇది బిళ్ళగన్నేరాకులోంచి తీసింది మాస్టారూ" అంది నర్సు దుర్గాభవాని. నాతో వేళాకోళం ఆడుతోందనుకున్నాను. డాక్టరు గారూ అదే చెప్పారు. ఆ ఆకులో వందకు పైగా ఆల్కలాయిడ్లు ఉంటాయట, వాటిలో రెండు నా బోటి రోగాలకు పనికొస్తాయట. అర టన్ను ఎండాకును శుద్ధి చేస్తే దొరికేది ఒక్క గ్రాము. నాకెక్కేది రెండు మిల్లీగ్రాములు. అంటే నిన్న నా నరంలోకి కేజీ ఆకు వెళ్ళిందన్నమాట.

మా పెరటిగోడ వారన ఆ మొక్క ముప్పై ఏళ్ళుగా ఉంది. రోజూ పూజకు పువ్వులు కోసుకున్నానే తప్ప ఆకు వంక ఎప్పుడూ చూడలేదు. ఇంటికి రాగానే దానికి చెంబుడు నీళ్ళు పోశాను. త్రిపురసుందరి వింతగా చూసింది.

జులై 6, శనివారం

బావ జగన్నాధం దిగాడు. త్రిపురసుందరి అన్న. శ్రీముఖలింగం దగ్గర వాళ్ళ మెట్టలో జీడిమొక్కలు ఎండిపోయాక బిళ్ళగన్నేరు వేశాడు. ఏదో కంపెనీ మనిషి వచ్చి ఎండాకు తీసుకెళ్తాడట. ఆకు గురించి మొదలుపెడితే వాడిని ఆపడం కష్టం.

"ఎండలో ఎయ్యకూడదు బావా, నీడనే ఆరబెట్టాల. పూటకోపాలి తిరగెయ్యాల. ఎండ తగిలితే ఆకులో పస పోద్దంట, ఆడు తీసుకోడు. నీకెక్కించినాది నా ఆకేనేమో, ఎవులికి తెలుసు?"

వాడు ఊరికే రాలేదు, సంచీ నిండా పచ్చాకు తెచ్చాడు. "ఈ బస్సులేటి, సూదులేటి? అదే ఆకు కాదేటిది! పొద్దుటే గుప్పెడు నూరుకుని తాగీ. రోగం బేగి పోద్ది."

నేను స్నానం చేసి వచ్చేసరికి త్రిపురసుందరి రుబ్బేసి గ్లాసులో పోసి ఉంచింది. అన్న మాటంటే దానికి వేదం. ఎందుకైనా మంచిదని దుర్గాభవానికి ఫోను చేశాను. ఆ పిల్ల ఫోన్లోనే కేకలేసింది. "తాగకండి మాస్టారూ! ఇక్కడ మీకు ఎంత ఇస్తన్నామో మాకు తెలుసు. ఆ గ్లాసులో ఎంతున్నాదో ఎవులికి తెలుసు? తెల్లకణాలు పడిపోతే మల్లీ నా దగ్గరికే తెస్తారు."

గ్లాసు మునగచెట్టు మొదట్లో ఒంపేసింది త్రిపురసుందరి. బావ కాసేపు ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. "రేపు మునగచెట్టుకి ఏటైనా అయితే నన్నడక్కండి" అని కాఫీ తాగి వెళ్ళాడు.

జులై 9, మంగళవారం

ఈ రోజు మళ్ళీ ఫిడేలు పాఠం మొదలుపెట్టాను. ఇప్పుడు యమున ఒక్కతే వస్తోంది, మిగతా పిల్లలను మాన్పించాను. గజపతినగరం దగ్గర పల్లె, తండ్రికి రెండెకరాల వరి. ఆరేళ్ళుగా బస్సులో వచ్చి నేర్చుకుంటోంది. సెప్టెంబరు మొదటి వారంలో డిప్లొమా ప్రాక్టికల్. దీన్ని గట్టెక్కిస్తే నా పని అయినట్టే.

ఆసుపత్రి తిరుగుళ్ళలో ఫిడేలు ముట్టక ఎడమ చేతి వేళ్ళ చివర కాయలు ఊడిపోయాయి. కొత్తవి కడుతున్నాయి కాబోలు, తీగ మీద వేలు పెడితే సరిగా తెలియడం లేదు. కాయ గట్టిపడేటప్పుడు అలాగే ఉంటుంది.

కుడిచేతి వేళ్ళు కూడా తిమ్మిరిగా ఉన్నాయి. కమాను పట్టే చేతికి కాయలు కట్టవు. నిద్రలో చేయి ఒంటి కింద పడి ఉంటుంది.

జులై 15, సోమవారం

ముసురు. చెమ్మకు తీగలు సాగుతున్నాయి. మోహన వర్ణం చెబుతుంటే గాంధారం రెండుసార్లు ఉండాల్సిన దాని కన్నా దిగి పలికింది. వేలు కాస్త జరిపి సర్దాను. యమున గమనించినట్టు లేదు.

జులై 19, శుక్రవారం

కొత్త తీగలు వేశాను. మేలుగా ఉంది.

జులై 20, శనివారం

మేలుగా ఏమీ లేదు. కొత్త తీగలు కుదురుకోవడానికి వారం పడుతుంది.

జులై 24, బుధవారం

నాలుగోది అయింది. ఎక్కించే ముందు విశాలి గారు ఎప్పటి ప్రశ్నలే అడిగారు. వాంతులా, లేవు. జ్వరమా, లేదు.

"వేళ్ళ చివర మొద్దుబారినట్టు ఉంటోందా అండీ?"

"ఫిడేలు వాయించేవాడి వేళ్ళు నలభై ఏళ్ళుగా మొద్దేనమ్మా" అన్నాను. ఆవిడ నవ్వారు.

"చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉందా?"

లేదన్నాను. అబద్ధం కాదు. నేను వేసుకునేవి తలమీంచి తొడుక్కునే లాల్చీలు, వాటికి గుండీలు ఉండవు. ఆవిడ కంప్యూటర్లో ఏదో నొక్కి, ఎక్కించమన్నారు.

బావ ఫోను చేశాడు. "ఈపాలి మన ఆకే ఎక్కించినారేటి?" అన్నాడు.

జులై 25, గురువారం

నిన్న డాక్టరు నన్ను ప్రశ్నలు అడగకముందు జరిగినది ఒకటి రాయలేదు. పక్క మంచం మీద నరసింగరావు గారని బొబ్బిలి మనిషి, నాలాంటి రోగమే. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని నెమ్మదిగా నర్సుతో అన్నాడు. వెంటనే డాక్టరు వచ్చారు, ఏదో పరీక్ష చేశారు, ఆయనకు తేట మందు సగానికి తగ్గించేశారు. పాపం ఆయన సంతోషించాడు కూడా.

నా గడ్డను కరిగించింది ఆ మందే అని నా నమ్మకం. సగం మందేస్తే సగం గడ్డ తిరిగి రాదా? నాకు రెండు మిల్లీగ్రాములూ కావాలి. ఒక్క చుక్క తగ్గించినా ఒప్పుకోను.

నాకు చావంటే భయం. అరవై రెండేళ్ళ వాడు ఇలా రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇంకెక్కడ రాస్తాను, నీలం పుస్తకంలోనా?

నీలం పుస్తకంలో రాసినది: జ్వరం లేదు. ఇడ్లీలు మూడు. అంతా బాగుంది.

జులై 30, మంగళవారం

కూరలు కొని మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆటో ఎక్కబోయాను. "తాతా, రెండో సెప్పేదీ?" అన్నాడు ఆటో అబ్బాయి. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో, ఎంత దూరం ఒంటి చెప్పుతో నడిచానో తెలియదు. వెనక్కి వెళ్ళి వెతికితే వంకాయల బండి దగ్గర దొరికింది.

వదులు చెప్పులు. కొత్తవి కొనాలి.

ఆగస్టు 2, శుక్రవారం

వాన.

ఆగస్టు 4, ఆదివారం

ఫిడేలు తల కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం కదా. ఈ రోజు పాఠం మధ్యలో అది పాదం మీంచి జారి చాప మీదకు పోయింది. నాకు తెలియనే లేదు, శబ్దం మారితే చూసుకున్నాను. యమున చటుక్కున తన ఫిడేలు పక్కన పెట్టి నాది ఎత్తి సర్దింది. నా దగ్గర ఏమీ అనదు ఆ పిల్ల.

వంటింటి గుమ్మంలో త్రిపురసుందరి నిలబడి ఉంది. నేను చూడగానే లోపలికి వెళ్ళిపోయింది.

గాంధారం దిగుతూనే ఉంది. మధ్యవేలు పడే చోటు అది. చెమ్మ ఇంకా తగ్గలేదు.

ఆగస్టు 11, ఆదివారం

యమున పది గంటల బస్సుకు వచ్చింది. నాకు నీరసంగా ఉంది. నేను వాయించను, వర్ణం మొదటి నుంచి నువ్వే వాయించు అని పడక్కుర్చీలో కళ్ళు మూసుకున్నాను. ఈ నెల రోజుల్లో ఆమె ఒక్కతే వాయించడం ఇదే మొదలు. ఎప్పుడూ ఇద్దరం కలిసి వాయిస్తాం, నా మోతలో ఆమె ఫిడేలు కలిసిపోతుంది.

మొదటి గాంధారం దిగి పలికింది. పొరపాటనుకున్నాను. రెండోదీ అంతే. మూడోదీ అంతే. తప్పు వాయించేవాళ్ళు ఒక్కోసారి ఒక్కోలా తప్పుతారు. ప్రతిసారీ కొలిచినట్టు అదే చోట దిగాలంటే ఎవరో నేర్పి ఉండాలి.

"ఆపు. గాంధారం ఏమిటి, అలా దిగిపోతోంది?"

"మీరు సెప్పినట్టే పెడతన్నాను మాస్టారూ."

"అలా చెప్పానా నేను?"

"మరంతే కదండి. ముందు నాకూ తేడాగానే అనిపించినాది. ఫోన్లో శ్రుతి సూసుకునే యాప్ ఉన్నాది కదా, అదీ తక్కువంటన్నాది. మాస్టారు వాయించినాక ఇదేటి సెప్తాదిలే అని యాప్ తీసీసినాను."

ఆ మాట చెప్పేటప్పుడు దాని ముఖంలో ఎంత గర్వమో. ఆరేళ్ళ కిందట పుస్తకం చూడొద్దు, ఫోను చూడొద్దు, నా వేలు చూడు, నా తీగ విను, నేను వాయించింది వాయించినట్టు దించు అన్నది నేనే. మా తాత శ్రీకూర్మంలో మా నాన్నకు అలాగే చెప్పాడట, మా నాన్న నాకు అలాగే చెప్పాడు. మూడు తరాలుగా ఎవరూ తప్పు దించలేదు. నాలుగో తరానికి నేను నేర్పాను. పరీక్షకు మూడు వారాలుంది.

తల తిరుగుతోందని చెప్పి ఆమెను పంపేశాను. వెళ్తూ దండం పెట్టింది.

కాయలు కావు. వాన కాదు. తీగలు కావు, చెప్పులు కావు. ఇది రాస్తుంటే పెన్ను రెండుసార్లు వేళ్ళలోంచి జారింది.

ఆగస్టు 12, సోమవారం

పొద్దున కాఫీ తాగుతూ త్రిపురసుందరికి చెప్పేశాను. వేళ్ళకు స్పర్శ లేదని, కాళ్ళకూ లేదని, డాక్టరుకు చెప్పలేదని. చెప్పడానికి అరగంట పట్టింది. ఆవిడ బీన్స్ తరగడం ఆపలేదు.

"నెల్లాళ్ళ నుంచి గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటన్నారు. పంచి కుచ్చిళ్ళు నేను సర్దతన్నాను. నాకు తెల్దనుకున్నారేటి?"

"మరి అడగలేదేం?"

అప్పుడు కత్తిపీట పక్కన పెట్టింది. "అడిగితే డాక్టరమ్మకి సెప్పాలి కదండి. సెప్తే మందు తగ్గించీస్తారు. నాకూ భయమే. మీ ఫిడేలు పోయినా పరవాలేదు, మీరుంటే సాలనుకున్నాను." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "తప్పే. మీరు ఫిడేలు లేకుండా ఎలగుంటారో ఆలోచించలేదు."

ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే అబద్ధాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు కాపాడుకుంటూ వచ్చాం. నవ్వొచ్చింది నాకు. తర్వాత ఇద్దరం కాసేపు ఏడ్చాం.

నీలం పుస్తకంలో జులై 9 నుంచి జరిగిందంతా తేదీలతో సహా రాశాను. ఆవిడ పక్కనే కూర్చుని చదివింది.

ఆగస్టు 14, బుధవారం

పుస్తకం విశాలి గారి ముందు పెట్టాను. ఆవిడ చదివి పెన్ను కింద పెట్టేశారు. కళ్ళు మూసుకోమని వేళ్ళ మీద దూది తాకించారు, సూది మొన తాకించారు, తాకినప్పుడల్లా చెప్పమన్నారు. పదిసార్లకు మూడుసార్లు చెప్పగలిగాను.

"కిందటిసారి అడిగాను కదండీ."

"అడిగారు. ఫిడేలు వేళ్ళు మొద్దే అన్నాను."

"గుండీలు పెట్టుకోగలుగుతున్నానన్నారు."

"నా లాల్చీకి గుండీలుండవమ్మా."

ఆవిడ చాలాసేపు నా లాల్చీ వంక చూశారు. బాగా కోపం వచ్చినట్టుంది. ఆ వయసు పిల్ల నన్ను తిట్టకుండా ఊరుకోవడం నాకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. ఈ మందు అందరికీ నరాల మీద కొంచెం పని చేస్తుందట, అందుకే ప్రతిసారీ అడుగుతారట. ముందే చెప్పి ఉంటే ముందే తగ్గించేవాళ్ళట.

"మొన్నటి స్కానులో గడ్డ ఎక్కడా కనబడలేదు. మిగతా మందులన్నీ ఇస్తాను. ఇదొక్కటి ఆపుతున్నాను."

"ఆపితే మళ్ళీ వస్తే?"

"రాదని నేను రాసివ్వలేను మాస్టారూ. ఇది ఇలాగే ఎక్కిస్తే మీ వేళ్ళు తిరిగి రావని మాత్రం రాసివ్వగలను."

ఎప్పటికి వస్తాయి అంటే ఆరు నెలలు, ఏడాది, కొంచెం లోపం మిగిలిపోయినా పోవచ్చు అన్నారు. సరే అన్నాను. ఆ మాట అనడానికి నాకు బాగా ధైర్యం కావలసి వచ్చింది. త్రిపురసుందరి నా చేయి పట్టుకుంది. పట్టుకుందని చూస్తే తెలిసింది.

ఎర్రది ఎక్కింది, మిగతావి ఎక్కాయి. తేట సంచీ లేదు. తిరుగు బస్సులో దారి పొడుగునా ఏదో ఆసుపత్రిలో మరిచిపోయి వస్తున్నట్టు అనిపించింది.

ఆగస్టు 15, గురువారం

బావ ఫోను. "మన ఆకు మానీసినారంట?" అన్నాడు, దిగులుగా. నేనేదో వాడి పంటను తిట్టినట్టు. వివరంగా చెప్పాను. "నా ఆకు మంచిదే బావా, నీ నరాలే సుకుమారం" అన్నాడు. ఈ రోగం వచ్చాక అంత గట్టిగా నవ్వడం ఇదే.

మెడ తడుముకున్నాను. ఏమీ లేదు. మధ్యాహ్నం మళ్ళీ తడుముకున్నాను.

ఆగస్టు 18, ఆదివారం

యమునకు చెప్పాను. ఈ నెల్లాళ్ళూ నేను నేర్పిన గాంధారం తప్పు అని, ఆ యాప్ చెప్పిందే నిజమని.

"మీరు సెప్పినాది తప్పెలగవుద్ది మాస్టారూ?"

ఎన్ని విధాల చెప్పినా వినదు. నేను వినయంతో అంటున్నాననుకుంది. చివరికి కళ్ళు మూసుకుని ఎడమ చేయి చాపి, నా వేళ్ళను కమాను కొసతో ముట్టుకో, ఏ వేలో చెబుతాను అన్నాను. "ముట్టుకో" అన్నాను మళ్ళీ. "నాలుగూ అయిపోనాయండి" అంది, ఏడుపు గొంతుతో.

ఏడవడానికి టైము లేదన్నాను. నా ఫిడేలు పెట్టెలో పెట్టి మూసేసి, గాంధారం పాడి వినిపించాను. గొంతుకు ఏ రోగమూ లేదు, అదొక అదృష్టం. నేను పాడతాను, ఆమె అందుకుంటుంది. వేలు అలవాటు కొద్దీ కిందికే పోతోంది. పైకి జరిపిస్తే జంకుతోంది, ఎవరో కోప్పడతారన్నట్టు. రెండు గంటలు ఒక్క స్వరమే. ఆమెకు విసుగు రాలేదు, నాకే వచ్చింది, నా మీద.

ఆగస్టు 25, ఆదివారం

పదికి ఎనిమిదిసార్లు సరిగా పడుతోంది. యాప్ మళ్ళీ పెట్టుకోమంటే, "మీరు పాడతన్నారు కదండి" అంది.

సెప్టెంబరు 3, మంగళవారం

ప్రాక్టికల్ అయింది. ఎక్కడా ఆపలేదట, వర్ణం పూర్తిగా విన్నారట. బయటికొచ్చి ఫోను చేసింది. త్రిపురసుందరి పాయసం చేసింది. రేపు ఆఖరి ఇంజెక్షను.

సెప్టెంబరు 15, ఆదివారం

వేళ్ళు అలాగే ఉన్నాయి. నిన్న సాయంత్రం బొటనవేలికి వేడి తగిలినట్టు అనిపించింది, టీ గ్లాసు పట్టుకున్నప్పుడు. అనిపించిందంతే, నమ్మకంగా చెప్పలేను. నీలం పుస్తకంలో మాత్రం ఉన్నదున్నట్టు రాశాను.

పాఠం లేకపోయినా యమున వచ్చింది. పరీక్ష అయిపోయింది కదా, ఇంకెందుకు వచ్చావు అన్నాను. "మీ ఫిడేలేదండి?" అంది. ఆగస్టు పదకొండు తర్వాత నేను దాన్ని వాయించలేదు. వాయించకూడదని ఎవరూ అనలేదు. దిగిన గాంధారాన్ని మళ్ళీ నా చెవులతో వినాలంటే భయం, అంతే.

ఆమే పెట్టె తీసి, దుమ్ము తుడిచి, శ్రుతి చేసి నా ఒళ్ళో పెట్టింది. తలను నా పాదం మీద ఆనించి, జారకుండా చూసుకుంది. నా మధ్యవేలు పట్టుకుని తీగ మీద పెట్టి నొక్కింది. కమాను లాగాను. గాంధారం నిండుగా పలికింది. వేలికి మాత్రం అక్కడ తీగ ఉన్నట్టే తెలియలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

తర్వాత ఆమె చేయి తీసేసింది. నేనొక్కణ్ణే పెట్టాను. నాకు బాగానే ఉన్నట్టు తోచింది, బాగుండాలని అంతగా అనుకున్నాను మరి. ఆమె వంక చూశాను. యమున తల వంచుకుంది, చున్నీ అంచు నలిపింది, నా ముఖంలోకి చూసింది.

"తక్కువున్నాది మాస్టారూ."

ఆరేళ్ళలో ఆ పిల్ల నాతో ఆ మాట అనడం ఇదే మొదటిసారి. అని ఊరుకోలేదు.

"మల్లీ ఓపాలి వాయించండి."

రెండు గంటల బస్సు వేళ దాకా వాయించాను.